పాత కాన్సర్టినాలో తెలియని బటన్ల వరుస: దాన్ని చదివే పద్ధతి

హైదరాబాద్‌లో సంగీతం నేర్చుకునే వారికి తిత్తితో పలికే వాద్యం అంటే హార్మోనియమే. హార్మోనియంలో ఒక మెట్టుకు ఒకటే స్వరం. తిత్తి ఎటు కదిలినా ఆ మెట్టు పలికేది మారదు, ఎడమ నుంచి కుడికి జరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది. ఈ అలవాటు ఉన్నవారు పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమ్మెరాత్ బజారులోనో, ఎవరో ఖాళీ చేస్తున్న పాత ఇంటి సామానులోనో దొరికిన, రెండు చేతులతో తిత్తిని మూస్తూ తెరుస్తూ బటన్లు నొక్కి వాయించే ఆరు పలకల కాన్సర్టినాను చేతిలోకి తీసుకుంటే మొదట అయోమయమే కలుగుతుంది. ఒకే బటన్ తిత్తి మూసేటప్పుడు ఒక స్వరం, తెరిచేటప్పుడు మరో స్వరం పలుకుతుంది. పక్క బటన్‌కు వెళితే స్వరం పెరుగుతుందో తగ్గుతుందో ముందుగా చెప్పలేము. ఒక స్వరం రెండు మూడు చోట్ల కనిపిస్తుంది, ఇంకొకటి ఎంత వెతికినా దొరకదు. మునుపటి యజమాని ఎవరో రీడ్లను, అంటే గాలికి కంపించి స్వరం పలికే లోహపు నాలుకలను, తారుమారు చేశారన్న నిర్ణయానికి రావడం ఈ దశలో చాలా సులభం. కానీ ఎక్కువ సందర్భాల్లో ఆ నిర్ణయం తప్పు. వరుసలో లెక్క ఉంటుంది, కాకపోతే అది హార్మోనియం లెక్క కాదు. ఆ లెక్కను పట్టుకోవాలంటే స్వరాల పేర్లను కాక వాటి మధ్య దూరాలను చూడాలి.

ఇన్ని వరుసలు ఎందుకు వచ్చాయన్నది చరిత్రలోనే ఉంది. కాన్సర్టినాను ఒక్కరు కనిపెట్టలేదు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో వీట్‌స్టన్ బ్రిడ్జి చదివిన వారందరికీ పేరు తెలిసిన చార్లెస్ వీట్‌స్టన్ కుటుంబ వృత్తి లండన్‌లో సంగీత వాద్యాల వ్యాపారం. ఆయన 1829లో ఒకటి, 1844లో మరొకటి పేటెంట్లు తీసుకుని ఇంగ్లిష్ కాన్సర్టినాకు రూపం ఇచ్చారు. దాదాపు అదే కాలంలో, 1834లో, జర్మనీలోని కెమ్నిట్జ్ పట్టణంలో కార్ల్ ఫ్రీడ్రిష్ ఊలిగ్ వేరే ఆలోచనతో వేరే పెట్టె తయారు చేశారు. ఆ జర్మన్ వరుసను ఇంగ్లండ్ పనివారు తమ పద్ధతి పెట్టెలో బిగించడంతో ఆంగ్లో అనే మూడో రకం పుట్టింది. ఒక చేత్తో పాట, మరో చేత్తో తోడు స్వరాలు వాయించాలనుకున్న వారి కోసం డ్యూయెట్ రకాలు వచ్చాయి. మకాన్ వరుసకు 1884లో, క్రేన్ పేరుతో ప్రచారమైన వరుసకు 1896లో పేటెంట్లు వచ్చాయి. బయటి నుంచి చూస్తే ఇవన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపలి లెక్కలో మాత్రం ఒకదానికి మరొకటి అర్థం కాదు.

అందువల్ల మొదటి ప్రశ్న వాద్యం ఏ కుటుంబానిది అన్నదే, దానికి సగం జవాబు స్వరం పలకకముందే దొరుకుతుంది. బొటనవేలు దూరడానికి చిన్న తోలు ఉంగరం, చిటికెనవేలు ఆనడానికి వంగిన లోహపు రేకు రెండు పక్కలా ఉంటే అది ఇంగ్లిష్ రకం. అరచేతి వెనక నుంచి వచ్చే తోలు పట్టీ ఉంటే ఆంగ్లో కావచ్చు, డ్యూయెట్ కావచ్చు. వీటి మధ్య తేడా తిత్తి చెబుతుంది: ఏదైనా ఒక బటన్ పట్టుకుని తిత్తిని మూసి, తెరిచి చూస్తే రెండు సార్లూ ఒకే స్వరం వస్తే డ్యూయెట్, వేర్వేరు స్వరాలు వస్తే ఆంగ్లో. ఒక్క బటన్‌తో తేల్చకూడదు. ఆంగ్లోలో కూడా రెండు వైపులా ఒకే స్వరం పలికే బటన్ ఒకటో అరో ఉండవచ్చు కాబట్టి నాలుగైదు చోట్ల పరీక్షించాలి. కుడి బొటనవేలికి అందేటట్లు విడిగా ఉండి, ఎంత నొక్కినా స్వరం పలకని బటన్ చెడిపోయినది కాదు. అది గాలి మీట. స్వరం రాకుండా తిత్తిని మూయడానికీ తెరవడానికీ దాన్ని వాడతారు.

ఇంగ్లిష్ రకం ఎక్కువగా 48 బటన్లతో కనిపిస్తుంది. స్వరక్రమం ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ నడవడం దీని ప్రత్యేకత: ఒక వైపు స, మరో వైపు రి, మళ్లీ మొదటి వైపు గ, అలా. ఏడు బేసి సంఖ్య కాబట్టి మధ్యస్థాయి స ఎడమవైపు ఉంటే తారస్థాయి స కుడివైపుకు వెళుతుంది. ఇది తెలియనివారు ఒకే చేతి మీద సరిగమలు వెతికి, సగం స్వరాలు మాయమయ్యాయనుకుంటారు. ప్రతి చేతి కింద నాలుగు వరుసలు ఉంటే మధ్య రెండూ సహజ స్వరాలవి, అంచు రెండూ షార్ప్ (ఒక స్వరస్థానం పెంచిన), ఫ్లాట్ (ఒక స్వరస్థానం దించిన) స్వరాలవి. పాత వాద్యాల్లో సహజ స్వరాలకు తెల్ల బటన్లు, పాశ్చాత్య అక్షరాల్లో సి (C) అనే స్వరానికి ఎర్ర బటన్, మిగతా వాటికి నల్ల బటన్లు పెట్టేవారు. ఆ రంగులు మిగిలి ఉంటే పని మరీ తేలిక. ఇందులో ఒక చిక్కు ఉంది. డి షార్ప్‌కు ఒక బటన్, ఇ ఫ్లాట్‌కు మరో బటన్ ఉంటాయి. జి షార్ప్, ఏ ఫ్లాట్‌ల సంగతీ అంతే. అంటే ఒక స్థాయిలో 12కు బదులు 14 బటన్లు. తొలి కాలపు వాద్యాలను స్వరస్థానాల మధ్య దూరాలన్నీ సమానంగా ఉండే సమాన విభజన శ్రుతిలో కాక మీన్‌టోన్ అనే పద్ధతిలో శ్రుతి చేసేవారు, అందులో ఆ రెండు స్వరాలు నిజంగానే వేరు. వాటి మధ్య తేడా 40 సెంట్ల దాకా ఉండేది (ఒక స్వరస్థానం దూరంలో నూరో వంతు ఒక సెంటు). షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే మెట్టు మీద పంచుకోవడానికి అలవాటు పడిన హార్మోనియం చేతికి ఇది వింతగా తోస్తుంది గానీ, ఆ జంట బటన్లలో ఒకటి శ్రుతి తప్పిందని తొందరపడి సరిచేయించకూడదు. తరువాతి కాలపు వాద్యాల్లో రెండూ ఒకే స్వరం పలుకుతాయి, వేళ్లకు వెసులుబాటు తప్ప వాటికి వేరే పని లేదు.

డ్యూయెట్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కింది స్థాయి ఎడమ చేతికి, పై స్థాయి కుడి చేతికి ఇచ్చి, మధ్యలో కొన్ని స్వరాలు రెండు చేతులకూ ఉంచుతారు. వీధి ప్రార్థనల్లో కాన్సర్టినాను విరివిగా వాడిన సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ట్రయంఫ్ అనే పేరుతో వాడినది క్రేన్ వరుసే. అందులో మధ్య మూడు నిలువు వరుసల్లో సహజ స్వరాలు, అంచుల్లో మిగతావి ఉంటాయి. మకాన్ వరుసలో అంత స్పష్టమైన లెక్క కనిపించదు, దాన్ని కాగితం మీద పటం గీసుకుని కంఠస్థం చేయవలసిందే. కాస్పర్ విక్కి 1896లో పేటెంటు తీసుకున్న వరుసనే, ఆ సంగతి తెలియకుండా చాలా కాలం తరువాత బ్రయన్ హేడెన్ స్వతంత్రంగా రూపొందించారు. అందులో పక్క బటన్‌కు జరిగితే ఎప్పుడూ రెండు స్వరస్థానాల దూరమే. కాబట్టి ఒక రాగానికి అలవాటైన వేళ్ల కదలిక ఏ శ్రుతిలోనైనా మారదు. కర్ణాటక సంగీతం తెలిసిన వారికి వీటన్నిటిలో సహజంగా తోచే వరుస ఇదే కావచ్చు, కానీ పాత సామానులో దొరికే అవకాశం చాలా తక్కువ.

అసలు తికమక ఆంగ్లోతోనే, సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా ఎదురయ్యేది కూడా అదే. 20 బటన్ల ఆంగ్లోలో చేతికి పది చొప్పున, రెండేసి వరుసలు ఉంటాయి. సాధారణమైన సి/జి వాద్యంలో, అంటే ఒక వరుస సి శ్రుతిలో, మరొకటి జి శ్రుతిలో ఉన్నదానిలో, సి వరుసను దగ్గరగా చూడాలి. ఎడమ చేతిలో చిటికెనవేలి వైపు నుంచి చూపుడువేలి వైపుకు తిత్తి మూసేటప్పుడు సి, జి, సి, ఇ, జి పలుకుతాయి. తెరిచేటప్పుడు అవే బటన్లు జి, బి, డి, ఎఫ్, ఏ పలుకుతాయి. కుడి చేతిలో చూపుడువేలి నుంచి మూసేటప్పుడు సి, ఇ, జి, సి, ఇ. తెరిచేటప్పుడు బి, డి, ఎఫ్, ఏ, బి. ఈ అక్షరాలను పక్కన పెట్టి సి ని స అనుకుంటే బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. మూసేటప్పుడు వచ్చేవన్నీ స, గ, ప లే. తెరిచేటప్పుడు వచ్చేవి రి, మ, ద, ని. వాటితో పాటు ఎడమ చివర అడుగున ఒక ప. మధ్యస్థాయి సరిగమలు ఎడమ చేతి మూడో బటన్ దగ్గర మొదలవుతాయి: మూస్తే స, తెరిస్తే రి, నాలుగో బటన్ మూస్తే గ, తెరిస్తే మ, ఐదో బటన్ మూస్తే ప, తెరిస్తే ద. అక్కడి నుంచి కుడి చేతి మొదటి బటన్‌కు దాటగానే క్రమం తిరగబడుతుంది: ముందు తెరిస్తే ని, తరువాత మూస్తే స. ఆ ఒక్క చోట వరుసగా రెండు సార్లు తెరవాలి. మౌత్ ఆర్గాన్ వాయించిన వారు ఊదడం, పీల్చడంలో ఈ మెలికను వెంటనే గుర్తుపడతారు, రెండింటి లెక్కా ఒకటే.

ఇది గుర్తుంటే తెలియని ఏ ఆంగ్లోనైనా చదవడానికి ఒక ఆనవాలు చేతికి వచ్చినట్లే. ఏదైనా వరుసలో తిత్తి మూసినప్పుడు మూడంటే మూడే స్వరాలు, స గ ప సంబంధంలో, మళ్లీ మళ్లీ వస్తుంటే అది మూల వరుస. ఆ స ఏదైతే అదే ఆ వరుస శ్రుతి. మొదటి వరుసకు రెండో వరుస పంచమం దూరంలో ఉంటుంది, అంటే మొదటి వరుస ప రెండో వరుసకు స అవుతుంది. పలికిన స్వరం పేరు చూపే ట్యూనర్ యాప్ ఒక వరుసకు జి షార్ప్, సి, డి షార్ప్ చూపించి, రెండో వరుసకు డి షార్ప్, జి, ఏ షార్ప్ చూపిస్తే, సి/జి పటం ముందు పెట్టుకున్న వారికి ఒక్క బటన్ కూడా కలవదు. అయినా వరుస చెడిపోలేదు. అది ఏ ఫ్లాట్/ఇ ఫ్లాట్ వాద్యం, ఆ జంటలో ఆంగ్లోలు మామూలుగానే తయారయ్యాయి. బి ఫ్లాట్/ఎఫ్, జి/డి వాద్యాలూ అంతే. మన లెక్కలో చెప్పుకుంటే సి/జి వాద్యం ఒకటి, ఐదు శ్రుతులది; ఏ ఫ్లాట్/ఇ ఫ్లాట్ వాద్యం ఐదున్నర, రెండున్నర శ్రుతులది. గాయకుడు మారితే శ్రుతి మార్చుకునే సంప్రదాయంలో పెరిగిన వారికి ఇది కొత్త ఆలోచన కాదు. ఇక్కడ ఇబ్బంది పడేది నిజానికి అక్షరాలతో సంగీతం నేర్చుకున్నవారే.

మూడో వరుసతో కథ మారుతుంది. 30 బటన్ల ఆంగ్లోలో పై వరుసను మూల వరుసల్లో లేని స్వరాల కోసం చేర్చారు, దానికి స గ ప వంటి ఆనవాలు ఉండదు. పైగా అందులో సగం కొత్త స్వరాలు కావు, ఉన్నవాటినే తిరగేసినవి. ఉదాహరణకు వీట్‌స్టన్, లాకెనాల్ కంపెనీల వాద్యాల ఎడమ పై వరుసలో నాలుగో బటన్ మూసేటప్పుడు ఏ, తెరిచేటప్పుడు జి పలుకుతుంది. కింద సి వరుస ఐదో బటన్ ఇవే రెండు స్వరాలను మూసేటప్పుడు జి, తెరిచేటప్పుడు ఏ గా ఇస్తుంది. ఇవి రెండూ పక్కపక్కన విన్నవారు పై బటన్ రీడ్లు తలకిందులుగా బిగించారని అనుకోవడం సహజం. నిజానికి అది ఉద్దేశించి పెట్టినదే: ప నుంచి ద కు తిత్తి దిశ మార్చకుండా వెళ్లడానికి, గమనం తెగకుండా ఉండడానికి ఆ జంట ఉంది. దాన్ని "సరిచేయిస్తే" వాద్యం పేదదవుతుంది.

మూడో వరుస విషయంలో తయారీదారులే ఒక మాట మీద లేరు. కుడి పై వరుసలో మొదటి బటన్ వీట్‌స్టన్, లాకెనాల్ పద్ధతిలో మూస్తే సి షార్ప్, తెరిస్తే డి షార్ప్. జెఫ్రీస్ అనే మరో తయారీదారు పద్ధతిలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. రెండో బటన్ మొదటి పద్ధతిలో మూస్తే ఏ, తెరిస్తే జి; జెఫ్రీస్ పద్ధతిలో మూస్తే సి షార్ప్, తెరిస్తే డి షార్ప్. అంటే జెఫ్రీస్ వాద్యంలో ఆ రెండు స్వరాలూ పక్కపక్క బటన్ల మీద రెండు దిశల్లోనూ దొరుకుతాయి, దానికి బదులు కుడివైపు తిరగేసిన ప ద జంట పోతుంది. ఇక 26, 38, 40 బటన్ల వాద్యాలు, యజమాని కోరిక మేరకు ఒకటి రెండు బటన్లు మార్చినవి కూడా ఉన్నాయి. కాబట్టి మూల వరుసలు లెక్కకు సరిపోయి, పై వరుసలో కొన్ని బటన్లే తేడాగా ఉంటే అది తప్పు కాదు, ఎవరో చేసుకున్న ఎంపిక అని అనుకుని పరిశీలన మొదలుపెట్టడం మంచిది. మూల వరుసలోనే స గ ప చెదిరితే అప్పుడు అనుమానించాలి.

పటం గీయడంలో ఓపిక అవసరం, తెలివి అంతగా అవసరం లేదు. కాగితం మీద రెండు ఆరు పలకల బొమ్మలు గీసి, ప్రతి బటన్‌కు ఒక గడి వేసి, గడిని అడ్డంగా చీల్చి పైన మూసేటప్పటి స్వరం, కింద తెరిచేటప్పటి స్వరం, స్థాయి అంకెతో సహా రాయాలి. తిత్తి బలంగా లాగితే రీడు స్వరం కొద్దిగా దిగుతుంది, అందుకే ఒకే తీరు మెత్తని ఒత్తిడితో చూడాలి. ట్యూనర్ సూచించే సెంట్ల తేడాను కూడా పక్కన వేసుకోవాలి, ఎందుకంటే అందులోనే ఇంకో రహస్యం ఉంటుంది. పాత ఇంగ్లండ్ వాద్యాలు ఏ (A) స్వరం దాదాపు 452 హెర్ట్జ్ ఉండే హెచ్చు శ్రుతిలో తయారయ్యేవి. నేటి 440తో పోలిస్తే అది 46, 47 సెంట్లు ఎక్కువ, అంటే రెండు స్వరస్థానాల మధ్య దాదాపు సగం దారి. అటువంటి వాద్యం ముందు ట్యూనర్ ఒకసారి సి అనీ మరోసారి సి షార్ప్ అనీ చెప్పి పటాన్ని పాడుచేస్తుంది. అన్ని స్వరాలూ ఒకే మేరకు ఎక్కువగా ఉంటే అది వాద్యం అసలు శ్రుతి. యాప్‌లో ఏ (A) విలువను 452కు మార్చుకుని మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. ఒక్క స్వరమే తప్పితే అది ఆ రీడు జబ్బు.

హైదరాబాద్ వేసవి ఇంకో చిక్కు తెస్తుంది. ఏప్రిల్, మే నెలల పొడి వేడికి చెక్క కుంచించుకుని, రీడ్లు కూర్చున్న పలకకూ పై చెక్కకూ మధ్య సందు ఏర్పడితే గాలి పక్క రీడ్లు ఉన్న గదిలోకి కారుతుంది. అప్పుడు ఒక బటన్ నొక్కితే దాని స్వరంతో పాటు పక్క స్వరం సన్నగా వినిపిస్తుంది, ట్యూనర్ రెండింటి మధ్య ఊగుతుంది. దీన్ని వరుసలోని విశేషంగా పటంలో రాసుకోకూడదు. వానలు పడ్డాక అదే బటన్ శుభ్రంగా పలకడం మామూలే.

బయటి పటం అనుమానం మిగిల్చినప్పుడే పెట్టె విప్పాలి. ప్రతి పక్క పలక చుట్టూ ఉన్న చిన్న మరలు ఊడదీస్తే లోపల రీడ్ల పలక కనిపిస్తుంది. ఇంగ్లండ్ పనివారి వాద్యాల్లో ప్రతి రీడుకూ సొంత ఇత్తడి చట్రం ఉండి, అది చెక్కలో కోసిన ఏటవాలు గాడిలోకి జారుతుంది. ఒక్కో గదికి రెండు రీడ్లు, మూతకు ఒకటి, తెరుపుకు ఒకటి. చాలా వాద్యాల్లో గాడి పక్కనే చెక్క మీద స్వరాక్షరం ముద్రించి ఉంటుంది. ఆ ముద్రే గట్టి సాక్ష్యం. ముద్ర ఏ (A) అని ఉండి రీడు జి షార్ప్ పలికితే, ఎవరో రీడును మార్చారు, లేదా దాన్నే దించారు. రీడు నాలుక మొదట్లో ఆకురాయి గీతలు తాజాగా మెరుస్తుంటే దించారని, కొసన ఉంటే పెంచారని అర్థం. ముద్రా స్వరమూ కలిస్తే, ఎంత వింతగా ఉన్నా ఆ వరుస కార్ఖానా నుంచే అలా వచ్చింది. పెట్టె లోపల కనిపించే క్రమసంఖ్యను రాసుకోవడం కూడా మంచిది. వీట్‌స్టన్ కంపెనీ లెడ్జర్లు లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి కాబట్టి ఆ కంపెనీ వాద్యమైతే తయారైన కాలం తెలిసే అవకాశం ఉంటుంది. చవక జర్మన్, ఇటాలియన్ రకాల్లో రీడ్లు పొడవు పట్టీల మీదో, మైనంతో అతికించిన విడి పలకల మీదో ఉంటాయి, అక్కడ మార్పిడి అంత సులభం కాదు. నగరంలో హార్మోనియం బాగుచేసేవారు తిత్తి కారుడు, తోలు పని చక్కగా చేయగలరు. కానీ హార్మోనియం రీడును ఇందులో బిగించమని అడగకూడదు, దాని చట్రం ఈ గాడికి కుదరదు.

పటం పూర్తయ్యాక వచ్చే ప్రశ్న, ఈ వరుసతో ఏం వాయించగలమన్నది. 20 బటన్ల సి/జి వాద్యంలో ఉన్నవి సి, డి, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, ఏ, బి మాత్రమే. సి ని స చేసుకుంటే శంకరాభరణం, మోహనం, హంసధ్వని ఉన్నాయి. ఎఫ్ షార్ప్ ప్రతిమధ్యమం కాబట్టి కల్యాణి కూడా ఉంది. డి ని స చేసుకుంటే ఖరహరప్రియ, మధ్యమావతి, ఇ ని స చేసుకుంటే తోడి స్వరాలు వస్తాయి. గమకాలు ఎలాగూ రావు, అది వేరే సంగతి. విచిత్రం ఏమిటంటే సరళీ స్వరాలతో మొదలుపెట్టే మాయామాళవగౌళ మాత్రం ఏ స్వరాన్ని స అనుకున్నా కుదరదు. శుద్ధ రిషభం తరువాత మూడు స్వరస్థానాలు దాటి అంతరగాంధారం, ఆ వెంటనే మధ్యమం ఇచ్చే చోటు ఈ ఎనిమిది స్వరాల్లో ఎక్కడా లేదు. ఆ పాఠానికి సి షార్ప్, జి షార్ప్ ఉన్న మూడో వరుస తప్పనిసరి. స ను ఎక్కడ పెట్టాలన్న దానికి మరో కారణం కూడా ఉంది. మూల వరుసల్లో మధ్యస్థాయి సి మూసేటప్పుడే వస్తుంది, కాబట్టి దాన్ని స గా ఆధారంగా నిలిపి ఉంచడం కుదరదు. మంద్ర జి అలా కాదు. ఎడమ చేతి సి వరుస రెండో బటన్ మూసేటప్పుడు, మొదటి బటన్ తెరిచేటప్పుడు అదే జి పలుకుతాయి. స ను ఐదో శ్రుతిలో పెట్టుకుంటే తిత్తి ఎటు కదిలినా శ్రుతి తెగదు.

ఈ పరిశీలన తరువాత కూడా ఒక బటన్ మార్చాలనిపిస్తే, అది పై వరుసలో ఎక్కువ ఉపయోగం లేని తిరగేసిన జంటల్లో ఒకటి కావాలి తప్ప మూల వరుసలో కాకూడదు. ఉన్న రీడును ఒక్క స్వరస్థానం దించడమో పెంచడమో చేయవచ్చు, అంతకు మించి లాగితే రీడు బలహీనపడుతుంది. రీడునే మార్చితే తీసిన దాన్ని చిన్న కవరులో వేసి, ఏ పక్క, ఏ వరుస, ఏ బటన్, మూతదా తెరుపుదా అన్నది పైన రాసి, గీసిన పటంతో పాటు వాద్యం పెట్టెలోనే ఉంచాలి. ఆ గాడికి సరిపోయే మరో రీడు ఇక్కడ దొరకడం కష్టం.